నల్లటీ, మట్టిగోడ

మొన్న కర్నూలులో డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూస్తూ, "అన్నం తినగానే టీ తాగే అలవాటుందా?" అని అడిగింది. మామూలు ప్రశ్నే. కానీ సరిగ్గా ఇదే ప్రశ్నను ముప్పై ఏళ్ళ కిందట ఆత్మకూరులో మా పెద్దమ్మ మంచం పక్కన నిలబడి విన్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పెదనాన్న పోయిన ఏడాదే ఇంట్లో ఎనుము కూడా చచ్చిపోయింది. ఎన్నేళ్ళుగానో ఊరికి పాలు పోసిన మనిషికి, ఒకరింటికి చెంబు పట్టుకుపోవడం నామోషీ అనిపించింది. అందుకని పాలు లేని నల్లటీకి అలవాటు పడింది. అలవాటు కాస్తా భక్తి అయింది. తలనొప్పికి నల్లటీ, విరేచనాలకు నల్లటీ, పొలం నుంచి వచ్చిన అలసటకు నల్లటీ. అది గుండెకు మంచిదని ఏదో వారపత్రికలో వస్తే ఆ కాగితం కత్తిరించి దేవుడి పటం వెనక దోపుకుంది. సంగటి ముద్ద సగంలో ఉండగానే పొయ్యి మీద డికాషన్ మరుగుతుండాలి. "తిన్నంక ఒక గ్లాసు పడితే ఒళ్ళు దూదిమాదిరి ఉంటాది మే" అనేది. రానురాను ముద్ద చిన్నదైంది, గ్లాసు పెద్దదైంది.

ఆ ఎండాకాలం కాలేజీ సెలవులకు వెళ్ళిన నేను, గుమ్మంలోకి వచ్చిన ఆమెను చూసి నిలబడిపోయాను. చామనఛాయ మనిషి పాత మైనంలా పాలిపోయింది. అంత ఎండలోనూ చేతులు చల్లగా ఉన్నాయి. గోళ్ళు మధ్యలో గుంటపడి చిన్న చెంచాల్లా ఉన్నాయి. కడుక్కున్న చేయి చాపితే నీటిబొట్టు జారిపోకుండా వాటిలో నిలిచేది. అడిగితే, "వయసైతాంది గదా" అని నవ్వేది. ఆమెకప్పుడు నిండా నలభై ఐదు లేవు.

వాళ్ళది మట్టిమిద్దె. మధ్యాహ్నం పూట వీధిలో కుక్క కూడా తిరగదు. నేను పడసాలలో పడుకుని ఉంటే లోపలి నుంచి గీకుతున్న చప్పుడు వినబడేది. కాసేపు గీకడం, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ గీకడం. పందికొక్కు అనుకున్నాను. మూడో రోజు లేచి వెళ్ళాను. నీళ్ళ కుండ వెనక గోడకు మనిషి మొహమెత్తున వరసగా గుంటలు ఉన్నాయి. ఎవరో నాకినట్టు నున్నగా ఉన్నాయి. వాటి ముందు పెద్దమ్మ నిలబడి ఉంది. పిలిస్తే తిరిగింది. పెదవుల మీద తడిమట్టి. కళ్ళు నన్ను చూస్తున్నాయి గానీ గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

"నీళ్ళు చిలకరిస్తే గోడ పిలుస్తాంది మే. పోకుండా ఉండలేకపోతాండా. ఎవరికీ చెప్పొద్దు, నా మింద ఒట్టు" అంది.

ఒట్టు పెట్టించుకుంది కాబట్టి చెప్పలేదు. రోజూ మధ్యాహ్నం ఆ చప్పుడు వింటూ, చెవుల మీద దిండు అదుముకుని పడుకున్నాను. ఎనిమిదో రోజు పొద్దున ఆమె వాకిట్లో ముగ్గు వేస్తూ అలాగే పక్కకు ఒరిగిపోయింది. కొంగులోంచి మట్టిపెళ్ళలు రాలాయి. చూసిన వాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. పెదనాన్నే పట్టుకున్నాడని, ఆయన్ని పూడ్చిన మట్టి రుచి ఈమె మరిగిందని. ఆమె కొడుకు, మా అన్న, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోవడానికి జీపు మాట్లాడి వచ్చాడు. అక్కడ మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వరట.

నేను గోడ దూకినంత పనిచేసి మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ దగ్గరికి పరిగెత్తాను. ఆమె సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి మానుకున్న మనిషి. గోడ సంగతి, గోళ్ళ సంగతి అంతా చెప్పేశాను. ఆమె వచ్చి, అప్పుడే తెలివి వచ్చి మంచం మీద ఉన్న పెద్దమ్మ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు.

"అక్కా, అన్నం తినంగానే టీ తాగుతాండావా?"

పెద్దమ్మ తలూపింది.

ఆపా మా అన్న వైపు తిరిగి, "దయ్యం ల్యాదు, గియ్యం ల్యాదప్పా. ఒంట్లో రగతం ల్యాదు. టీ మంచిదే, ఎవరు కాదన్యారు? కూటి ఎంబడే తాగితే తిండిలో ఇనుము ఒంటికి పట్టనియ్యదు. ఈమె తినేదే పిడికెడు. రగతం శానా తగ్గితే కొందరికి మట్టి మింద మనసు పోతాది. జీపు కర్నూలుకు తిప్పు" అంది.

అన్న తల్లిని రెండు చేతుల్లో ఎత్తుకుని జీపులో కూర్చోబెట్టాడు.

పెద్దాసుపత్రిలో రక్తం ఎక్కించారు, ఇనుము మాత్రలు ఇచ్చారు. నల్లటీ మానమనలేదు, తిండికీ దానికీ గంటన్నా ఎడం ఉండాలన్నారు. ఒట్టు తప్పానని పెద్దమ్మ నాతో పది రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు తనే పిలిచి, తన జుట్టు దువ్వమని నా చేతికి దువ్వెన అందించింది.

దీపావళి నాటికి మనిషి మళ్ళీ మనిషైంది. అన్న ఆ గుంటలు పూడ్చి సున్నం కొట్టించాడు. ఒకసారి ఇద్దరమే ఉన్నప్పుడు, గోడ ఎలా పిలిచేదని అడిగాను. ఆమె ఆ తెల్లగోడ వైపు చూసి, "ఆ తిన్యది నేను కాదు మే. ఈ ఇంట్లో కొన్నాళ్ళు ఇంగొకామె ఉండి పోయింది. యాడికి పోయిందో నాకూ తెల్దు" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ఆ మాటకు అప్పుడు భయపడ్డాను. ఇప్పుడు అర్థమవుతోంది. మనం ఒకప్పుడు అయి ఉన్న మనుషులను కాలం మనలోంచి ఒక్కొక్కరినే తీసుకుపోతుంది, మిగిలిన మనం వాళ్ళ పేర్లతోనే పలుకుతూ ఉంటాం.