తులసికోట దగ్గర నా తనిఖీ

చేతిలో కత్తీ కొడవలీ ఏమీ లేకుండా, ఉత్త గోళ్లతో ఒక మనిషి అత్తగారింటి పండగను ఎంత దూరం నాశనం చేయగలడో తెలుసుకోవాలంటే ఇది చదవండి. మధ్యలో నవ్వొస్తే నవ్వుకోండి, ఫరవాలేదు. పాకాలలో మా అత్తగారి వీధి మొత్తం ఎప్పుడో నవ్వేసింది.

అప్పటికి నాకు పెండ్లయి ఏడాది కూడా కాలేదు. శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఫోన్ల అద్దాలను లైటు కింద పెట్టి చూడాల, సన్న గీత కనబడితే చాలు, తీసి పక్కన పడేయాల. ఆ పని చేసి చేసి నా కండ్లు ఎట్లా తయారైనాయంటే, పెండ్లిచూపుల్లో కాఫీ ఇస్తే కప్పు మీద గీత చూసి "ఇది మార్చండి" అన్నాను. అయినా పిల్లనిచ్చినారంటే వాళ్లది ఎంత పెద్ద మనసో చూడండి.

క్షీరాబ్ది ద్వాదశికి అత్తగారింటికి పోయినాము. సాయంత్రం తులసికోటలో ఉసిరి కొమ్మ నాటి తులసమ్మకు పెండ్లి చేస్తారు. వీధిలో ఆడోళ్లంతా వస్తారు. ఇంట్లో అందరికీ తలమునకలుగా పని, నాకొక్కడికే లేదు. చెంబు ఎత్తబోతే "మీరు కూర్చోండి నాయనా" అంటాది అత్త. కూర్చుంటే నా కాళ్లు ఊరుకోవు. వసారాలోకి, పెరట్లోకి, మళ్లీ వసారాలోకి, టికెట్ లేకుండా రైలెక్కినోడి మాదిరి తిరగతానే ఉండాను.

అట్లా తిరగతా తులసికోట దగ్గర ఆగినాను. ఒక ఆకు మీద తెల్లగా వంకర్లు పోయిన గీత. తాగినోడు సైకిలు తొక్కుకుంటా పోయిన దారి మాదిరి ఉండాది. వేలితో రుద్దినా పోలేదు.

"మామా, ఒకసారి ఈడికి రండి! ఈ ఆకుకు ఏమైంది?"

మామ టమాటా రైతు. గుమ్మానికి తోరణం కడతా కడతా తల తిప్పి చూసినాడు. "అదా? పాముపొడ. సన్న ఈగ ఒకటి ఆకులో గుడ్డు పెడతాది. పురుగు లోపల్లోపలే తినుకుంటా పోతాది. టమాటాకు వస్తాది, పుదీనాకు వస్తాది, తులసికీ వస్తాది. ఏం కాదులే."

"అంటే ఆకులో పురుగుండాదా? పూజ చేసే చెట్టులో?"

"దానికేం తెలుసప్పా పూజని?" అనేసి ఆయన పూలు తెచ్చేదానికి బజారుకు పోయినాడు.

ఆయన పోయినాడు గానీ పురుగు నా బుర్రలోకి దూరింది. ఆకు తుంచి ఎండకు పెట్టి చూసినాను. లోపల నూకంత పురుగు, కదలతా ఉండాది! ఇంకొక ఆకు చూస్తే అక్కడా గీత. దాన్నీ తుంచినాను. తర్వాత గీత లేని ఆకుల మీద సన్న చుక్కలు కనబడినాయి. ఈ చుక్కే రేపు గీత అయితే? అవీ తుంచినాను. చుక్క కూడా లేని ఆకులు మరీ అనుమానంగా కనబడినాయి. వాటినీ వదల్లేదు.

నా భార్య సరళ వచ్చి, "ఏం చేస్తా ఉండారు?" అనింది.

"శుభ్రం చేస్తా ఉండాను."

"అమ్మా!" అని ఒక కేక పెట్టింది.

అత్త పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. చెట్టును చూసింది. నన్ను చూసింది. మళ్లీ చెట్టును చూసింది, నిజానికి చూసేదానికి పుల్లలు తప్ప ఏమీ లేవు.

"నాయనా," అనింది నీరసంగా, "ద్వాదశి నాడు తులసాకు తుంచకూడదని పలకా బలపం పట్టని పిల్లోళ్లకు కూడా తెలుసు గదా!"

ఇంకొక తులసి కోసం మామ బండి తీసుకొని ఊరంతా తిరిగినాను. ప్రతి ఇంట్లో తులసి ఉండాది, ప్రతి తులసికీ ఆ సాయంత్రమే పెండ్లి. పెండ్లికూతుర్ని ఎవురు ఎరువిస్తారు చెప్పండి? మొక్కలమ్మే ఆయన దగ్గర తులసి అయిపోయింది. "రోజా తీసుకపోతావా అన్నా?" అన్నాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చినాను.

సాయంత్రం వీధంతా దిగింది. పెండ్లికొడుకు ఉసిరి కొమ్మ నిండుగా ఆకులతో, కాయలతో నిగనిగలాడతా ఉండాడు. పక్కన పట్టుగుడ్డ చుట్టుకొని, పుల్లల మీద పూలదండ వేసుకొని మా తులసమ్మ.

ఎదురింటి మునెమ్మవ్వ కండ్లు చిట్లించి చూసింది. "ఏమే, పెండ్లికూతురు కొండకు పోయి గుండు కొట్టించుకోనొచ్చిందా ఏంది?"

పూజ మధ్యలో ఆడోళ్లంతా పమిటలు నోట్లో కుక్కుకున్నారు. అప్పుడు అత్త నోరు విప్పింది.

"అవునవ్వా. మా అల్లుడి మొక్కు."

"మొక్కు అల్లుడిదైతే, గుండు చెట్టుకు కొట్టిస్తారా ఎవురన్నా?"

అందరూ ఒక్కసారిగా నా నెత్తి వైపు తిరిగినారు. అత్త మొగం ఆ రోజు మొదటిసారి వెలిగింది.

మర్నాడు పాకాలలో రైలెక్కించినారు, తిరుపతిలో బస్సెక్కించినారు, కొండ మీద కూర్చోబెట్టినారు. నున్నటి గుండుతో తిరిగొస్తే మునెమ్మవ్వ నా నెత్తి నిమిరి, "ఇంక చెట్టు చిగురేస్తాదిలే" అని ధైర్యం చెప్పింది.

వేసింది కూడా. నా జుట్టు కన్నా ముందే.

అందుకే ఏడుకొండల సాక్షిగా, పైన చెప్పిన పురుగుల సాక్షిగా ప్రమాణం చేస్తా ఉండాను. ద్వాదశి నాడు గానీ మామూలు నాడు గానీ, తులసి మీద గానీ పుదీనా మీద గానీ నా చెయ్యి పడదు. ఈగలు గుడ్లు పెట్టుకోనీ, పురుగులు కడుపునిండా తిననీ, వాటి మనవళ్లు మనవరాళ్లు కూడా ఆడనే కాపురం పెట్టుకోనీ. నేను మాత్రం కూర్చోమన్న చోట కూర్చుంటాను.