కలవని దవడపళ్ళు

బందరు ఆసుపత్రిలో విరిగిన దవడలు బిగించడం చాలా ఏళ్ళపాటు నా ఒక్కదాని పని. అప్పుడు రోగులు నన్ను "డాక్టరమ్మ" అనేవారు. నాకంటే చిన్నదైన ఇంకో డాక్టరు చేరాక ఆమె "చిన్న డాక్టరమ్మ", నేను "పెద్ద డాక్టరమ్మ" నయ్యాను. ఆ "పెద్ద" నాకు గుచ్చుకునేది.

విరిగిన ముక్కల్ని కలిపి పట్టే టైటానియం ప్లేటును ఎముక వంపుకు తగ్గట్టు వంచడానికి నేను నాలుగైదుసార్లు సరిచూసుకోవాలి. ఆమెకు రెండోసారికే అతికినట్టు కూర్చునేది. నర్సులు మురిసిపోయేవారు. నాకు ఒళ్ళు మండేది. ఎక్కడైనా తప్పు చేస్తుందేమోనని పనిలేకపోయినా ఆమె ఆపరేషన్లకు వెళ్ళి నిలబడేదాన్ని.

ఒకరోజు నందివాడ నుంచి చేపల చెరువు కాపలాదారుణ్ణి తీసుకొచ్చారు. మోపెడ్‌తో సహా గట్టు కిందికి పడ్డాడు. కింది దవడ ఎడమపక్క విరిగింది. ఆ కేసు పట్టుబట్టి నేనే తీసుకున్నాను. దవడ కదలకుండా పైపళ్ళూ కిందిపళ్ళూ తీగతో కలిపి కట్టి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాను. తీగ విప్పి, దవడ మూసి చూశాను. ఇక కుట్లు వెయ్యబోతున్నాను.

"మేడం, ఎడమవైపు దవడపళ్ళు కలవట్లేదండీ," అంది, ఎదురుగా నిలబడి సాయం చేస్తున్న ఆమె.

"పర్లేదు, సర్దుకుంటాయి."

"ఒక్కసారి మళ్ళీ చూడండి మేడం. ఇలా వదిలేస్తే అన్నం నమల్లేడు."

వంగి చూశాను. సన్నటి సందు. నిజానికి అది నాకు ముందే కనిపించింది.

స్క్రూలు విప్పి, కొత్త ప్లేటు ఆమె చేతికిచ్చాను. వంచి పెట్టింది. పళ్ళు చక్కగా కలిశాయి. ఆమె మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

నెలన్నర తర్వాత అతను భార్యతో వచ్చి, నా బల్ల పక్కన చేపల సంచి పెట్టాడు.

"నిన్న జంతికలు తిన్నానండీ! అంతా మీ చేతి చలవ."

పక్క బల్ల దగ్గర ఆమె ఏదో రాసుకుంటోంది, తలెత్తలేదు. "సంతోషం," అన్నాను. వాళ్ళు మెట్లు దిగిపోయాక కూర్చోలేకపోయాను. సంచి పట్టుకుని వెనకే వెళ్ళాను.

"నేను పెట్టిన ప్లేటు సరిపోలేదు. మళ్ళీ సరిగ్గా పెట్టింది చిన్న డాక్టరమ్మ."

అతని భార్య నా ముఖంలోకి చూసింది. "అయితే ఇవి ఆవిడకి ఇమ్మంటారా అండీ?"

"ఇవ్వండి."

సంచి తీసుకుని ఇద్దరూ మళ్ళీ మెట్లెక్కారు. ఎందుకు చెప్పానా అని అప్పుడే అనిపించింది.