బొటనవేలి మీద పందెం

2024 వేసవి. కల్లూరులో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చేది ఎక్కువగా మోకాళ్ళ నొప్పులవాళ్ళు. ఇరవై మూడేళ్ళ చరణ్ కుడి బొటనవేలు పట్టుకొని తల్లితో వస్తే, బండి మీద నుంచి పడ్డాడేమో అనుకున్నాను.

"ఫోన్లో గేమ్ ఆడతా మేడమ్. టీమ్ వాళ్ళు జీతమిస్తారు" అన్నాడు.

నవ్వు ఆపుకున్నాను. రోగి పనిని ఎగతాళి చేస్తే నొప్పి సంగతి సగమే చెప్తాడు.

బొటనవేలిని గుప్పిట్లో మూసి, మణికట్టు కిందికి వంచమన్నాను. విలవిల్లాడాడు. టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు, వాచాయి. వేలు కదలకుండా స్ప్లింట్ కట్టి, మూడు వారాలు ఆట వద్దన్నాను.

"ఆదివారం ఫైనల్ ఉండాది మేడమ్. మేనేజర్‌కు నేనే నిదానంగా చెప్తా. మీరు ఎవురికీ చెప్పొద్దండి."

"నా నోరు పెద్దదే గానీ, రోగి మాట దాంట్లోంచి బయటికి రాదప్పా."

రెండు రోజులకే వచ్చి ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు. మ్యాచ్ ఫలితాల మీద వాటాలు అమ్మే యాప్ అది. జట్టు గెలుస్తుందనుకుంటే ఆరు రూపాయలకు కొంటారు. గెలిస్తే పది వస్తుంది, ఓడితే సున్నా. ఓడుతుందని కూడా కొనొచ్చు; అట్లా కొనేవాళ్ళు ఎక్కువైతే గెలుపు ధర పడుతుంది. ఆ ధరే జనం అంచనా. చరణ్ జట్టు ధర ఆరు నుంచి మూడుకు పడింది.

"మేనేజర్‌కు నేనింకా చెప్పనేలేదు. ధర పడింది చూసి ఆయనే ఆరా తీసినాడు, నేనే ఈ కబురు అమ్ముకున్నానని అంటాండాడు. టీమ్‌లోంచి తీసేస్తాడంట. మీరు గాక ఇంకెవురు చెప్పింటారు?"

నాకు ఒళ్ళు మండింది. "నీ వేలు నాకెందుకప్పా? నీ ఆట పేరు కూడా నాకు నోరు తిరగదు" అని మొదలుపెట్టేలోపు పసుపు గుడ్డ మూటతో వాళ్ళమ్మ పద్మావతమ్మ వచ్చింది. మా ఊరి పాతబస్తీలో వాళ్ళది కిరాణా అంగడి. కొడుకు వేలు మానితే శ్రీశైలం వస్తానని మొక్కుకుందట. పదిమందినీ తలా ఒక రూపాయి అడిగి ముడుపు కట్టాలి. అడిగినప్పుడు కారణం చెప్పాలి కదా.

"అంగటికి వచ్చినోళ్ళనంతా అడిగినా. పక్కంగడి సుబ్బయ్యన్న అయితే, ఆట ఏ రోజు, వీడు లేకుంటే ఓడిపోతారా అని శానా అడిగినాడు. ఎంత బాధపడినాడో పాపం."

చరణ్ తల పట్టుకున్నాడు. "సుబ్బయ్య మామ ఆ యాప్‌లోనే ఉంటాడు గదమ్మా."

ఒక చేత్తో ముడుపులో రూపాయి వేసి, ఇంకో చేత్తో జట్టు ఓడుతుందని కొన్న భక్తుడన్నమాట. తను కొని ఊరుకోక, తెలిసినవాళ్ళందరి చేతా కొనిపించాడని తర్వాత తెలిసింది. చిన్న ఆట, కొనేవాళ్ళు తక్కువ. కొందరు ఒక పక్కకు ఒరిగినా ధర కదులుతుంది.

"కారణం మల్లన్నకు చెప్తే చాలదా అమ్మా? జీలకర్ర కొనేవాళ్ళకెందుకు?" అన్నాను.

"మల్లన్నకు వాళ్ళ రూపాయే గదా మేడమ్ ఇచ్చేది?" అందామె.

మేనేజర్‌కు ఫోన్ చేయించి, ఆ తల్లితోనే మాట్లాడించాను. జరిగిందంతా చెప్పి, "మీరు కూడా ఒక రూపాయి పంపండి సార్" అంది. అవతల ఆయన చాలాసేపు నవ్వాడు. చరణ్‌ను తీసేయలేదు, ఫైనల్లో మాత్రం ఆడనీయక పక్కన కూర్చోబెట్టాడు.

జట్టు గెలిచింది. సుబ్బయ్య వారం రోజులు అంగడే తెరవలేదట.

మూడు వారాలయ్యాక కట్టు విప్పించుకొని వ్యాయామాలకు వచ్చిన చరణ్ మొహం చిన్నబోయి ఉంది. "గెలిచారు కదప్పా, మొహం అట్లా పెట్టినావేం?" అన్నాను.

"ధర పడినప్పుడు భయపడినా మేడమ్. లోపల మాత్రం సంతోషమైంది. నేను లేకుంటే మా టీమ్ సగమే అనుకున్నా. నేను లేకుండానే గెలిచినారు."

అతని వేళ్ళకు రబ్బరు బ్యాండు వేసి సాగదీయమన్నాను. వేలి నొప్పి గురించే అడిగాను గానీ, పని లేని రోజుల గురించి అడగలేదని అప్పుడు తట్టింది.

ఇప్పుడు ఎవరికైనా స్ప్లింట్ కట్టేముందు, పని లేని ఆ మూడు వారాలూ ఏం చేస్తావని అడుగుతాను. నొప్పి ఎక్కడో వెంటనే చూపించేవాళ్ళు ఈ ప్రశ్నకు తలొంచుకుంటారు. జవాబు వచ్చేదాకా ఆగుతాను. కట్టు ఆ తర్వాతే.