మామ జేబులో ఫీజు

మొన్న ఎండాకాలంలో మా మామ పోయారు. నేను బడిలో పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేసి, “నాయన లేడు. కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు. ఇంట్లో కరెంటు కూడా లేదు, తొందరగా రా” అన్నారు.

మామ బద్వేలులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత కరెంటు పని మీది శ్రద్ధంతా నా వీడియోగేమ్ డబ్బా మీద పెట్టారు. అది నా చిన్ననాటిది, టీవీకి తగిలించి ఆడేది. కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మా తమ్ముడు అక్కడి పాత సామాన్ల సంతలో ఒక క్యాసెట్ కొని పంపాడు. చిన్నప్పుడు మేమిద్దరం కొట్లాడుకుంటూ ఆడిన ఆటకు రెండో భాగం. తీరా చూస్తే జపాన్‌ది. నా డబ్బాలో దూరదు, దూర్చినా మొదలుకాదు. ఏ దేశపు డబ్బాలో ఆ దేశపు క్యాసెట్టే ఆడేలా లోపల తాళం పెట్టారట. తమ్ముడు సెలవుకు వచ్చేలోగా దాన్ని ఆడించాలని నా పట్టుదల.

“కరెంటుకు దేశమేందిమ్మా? తీగ కలిపితే యాడికైనా పోతాది” అని మామ డబ్బా తీసుకున్నారు. అంతే, మళ్లీ నా చేతికి రాలేదు.

ఆయన డబ్బా విప్పాలంటే ముందు ఇంటి మెయిన్ బోర్డులోని పింగాణి ఫీజు పీకి చొక్కా జేబులో వేసుకోవాలి. డబ్బాకు ప్లగ్గే పెట్టలేదు మామా అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వింటేగా. కరెంటు ఉండదు కనుక తీగలు అతికే కడ్డీని నా గ్యాసు పొయ్యి మీద, సంగటి దించకముందే కాల్చేవారు. మా అత్త కొంగుతో విసురుకుంటూ, “ఈ మనిషితో ఏగలేను తల్లీ. బొమ్మలాట కోసం ఇంటిల్లిపాదినీ ఉడకబెడతాండాడు” అనేది.

క్యాసెట్ పట్టేలా అంచులు ఆకురాయితో అరగదీయడానికే వారాలు పట్టింది. ఎప్పుడడిగినా “చేస్తాండా” అనే జవాబు. ఒకరోజు ఒళ్లు మండి, “ఈ ఫీజు గోలేంది మామా?” అని గట్టిగానే అడిగాను.

ఆకురాయి పక్కన పెట్టారు. “నా జతగాడు స్తంభం మింద ఉండంగా కింద ఎవడో చూసుకోకుండా ఫీజు పెట్టినాడు. పనిచేసేవాని జేబులో ఫీజుంటే, పానం జేబులో ఉన్నట్టేమ్మా” అన్నారు. మళ్లీ అరగదీయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. ఉక్కపోతకు విసుక్కోవడం మాత్రం మానలేదు.

ఆయన పోయిన రోజు ఐసుపెట్టె తెచ్చారు. పెట్టడానికి కరెంటు లేదు. వీధంతా ఉంది, మా ఇంట్లోనే లేదు. చెమటలు కారుతుంటే బంధువులు తలా ఒక మాట అంటున్నారు. మా ఆయన స్తంభం దాకా వెళ్లి చూసి వచ్చారు. కిటికీ దగ్గర డబ్బా విప్పి ఉండటం చూశాక నాకు తట్టింది. మామ చొక్కా జేబు తడిమాను. ఫీజు ఉంది. కోపం, ఏడుపు కలిసే వచ్చాయి. జేబులో ప్రాణం పెట్టుకుంటానన్న మనిషి ఇట్లా చేస్తారా అని అందరి ముందే అనేశాను.

డబ్బాలో ఆ దేశపు తాళం తప్పించడానికి మామ పెట్టిన స్విచ్చుకు ఒక్క తీగ అతకడమే మిగిలింది. తమ్ముడు వచ్చే వారం వస్తున్నాడు. నేనే అతుకుదామని నిన్న కూర్చున్నాను. కూర్చున్నదాన్ని లేచి బోర్డు దగ్గరికి వెళ్లి ఫీజు పీకాను. చీరకు జేబు లేదు కదా, కొంగున ముడివేసి నడుముకు దోపుకున్నాను. కడ్డీ పొయ్యి మీద పెట్టేసరికి, ఫ్యాను ఆగిందని అత్త వంటింట్లోకి వచ్చింది. పొయ్యి వైపు చూసింది, నా నడుము వైపు చూసింది. తిడుతుందనుకున్నాను.

“ఊడేను, గట్టిగా ముడెయ్యిమ్మా” అని, తలుపుకు ఆనుకుని కూర్చుని కొంగుతో విసురుకోసాగింది.