కట్ అంటే నాలుగు పరుగులు

మా గ్రౌండుకి గ్రౌండు అనే హోదా ఇచ్చింది మేమే. నిజానికి అది ఫిల్మ్ నగర్‌లో రెండు బంగళాల మధ్య మిగిలిపోయిన ఖాళీ ప్లాటు. ఒకవైపు షేక్‌పేట దిక్కుగా వాలు. బంతి అటు దొర్లితే, దాని వెంట పరిగెత్తినవాడు తిరిగొచ్చేలోపు మేం మంచినీళ్ళు తాగి, కబుర్లు చెప్పుకుని, వాణ్ణి దాదాపు మర్చిపోయేవాళ్ళం. ఇంకోవైపు ఏనుగంత బండ. దానికి తగిలితే ఫోరు. మూడోవైపు ఒక హీరోగారు కట్టించుకుంటున్న ఇల్లు. అందులో పడితే అవుటు. ఆ రూలు హీరోగారి మీద గౌరవంతో పెట్టింది కాదు, ఆయన వాచ్‌మన్ పెంచే కుక్క మీద గౌరవంతో.

ఇదంతా తొంభైల మొదట్లో. నేను డిగ్రీ వెలగబెడుతున్నాను. నాన్నకి బదిలీ అయి రాజమండ్రి నుంచి వచ్చాం. ఇల్లెక్కడంటే చుట్టాలకి జూబ్లీ హిల్స్ అని చెప్పేవాళ్ళం. ఆటోవాడికి మాత్రం నిజం చెప్పేవాళ్ళం, యూసుఫ్‌గూడ అని.

మా కెప్టెన్‌ది షేక్‌పేట. నాలుగేళ్ళు పెద్దవాడు కాబట్టి అందరికీ అన్న. వాళ్ళకి బర్రెలున్నాయి. వారమంతా తెల్లవారకముందే లేచి బంగళాలకి పాలు పోసేవాడు. ఆదివారం ఒక్కపూట తమ్ముడు పోస్తే అన్న ఆడుకునేవాడు. ఆ ఒక్కపూట కోసం మిగతా వారమంతా బతికేవాడంటే అతిశయోక్తి కాదు. బర్రెలకి కూడా స్కోరు చెప్పేవాడని వాళ్ళ తమ్ముడే చెప్పాడు.

"గీడ మా తాత జొన్నలేసిండురా" అనేవాడు, పిచ్ మీద నిలబడి, కళ్ళు చెమర్చగా.

"అమ్మిండు గూడ కదన్నా" అనేవాణ్ణి నేను, వాళ్ళ భాషలోనే.

"అమ్మితే అమ్మిండు. మనుమడు ఆడద్దని రాసిచ్చిండా?"

మా ఆటకి పాఠాలన్నీ మా ఇంటి టీవీలోనే. ఇండియా మ్యాచ్ ఉందంటే జట్టంతా మా ముందుగదిలో కూలబడేది. వికెట్ పడ్డప్పుడల్లా అన్న మా సోఫాని గుద్దేవాడు. "వాళ్ళు సరిగ్గా ఆడకపోతే మా సోఫా ఏం చేసింది బాబూ?" అని అమ్మ టీలు పట్టుకొచ్చేది. అట్లా ఒకరోజు కామెంటరీలో మాకు ఒక మాట దొరికింది. కట్. బయటికి పోతున్న పొట్టి బంతిని పక్కకి కోసినట్టు కొట్టడం. మా బండ సరిగ్గా ఆ పక్కనే ఉంది. అన్నకి జ్ఞానోదయమైంది. మా వంటింట్లోంచి అప్పడాల కర్ర తెచ్చి, గదిలోనే సాధన మొదలుపెట్టాడు. గోడ గడియారం తప్పుకుంది గానీ, క్యాలెండర్ తప్పుకోలేకపోయింది.

తర్వాతి ఆదివారం మేం వెళ్ళేసరికి మా ప్లాటులో వేరేవాళ్ళు వికెట్లు పాతేసి ఉన్నారు. సినిమావాళ్ళు. హీరోలు కాదు, హీరోల చేతిలో తన్నులు తినే ఫైటర్లు, లైట్లు మోసే లైట్‌మెన్లు, వాళ్ళతోపాటు టోపీ పెట్టుకున్న ఒక అసిస్టెంట్ డైరెక్టరు.

"ఆదివారం గీ జాగ మాది" అన్నాడు అన్న.

"ఈ ఆదివారం మాదండీ" అన్నాడు టోపీ, మర్యాదగా.

మాటా మాటా పెరిగింది. వాళ్ళలో ఒక ఫైటరు చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆయన మద్రాసునుంచి పరిశ్రమతోపాటు వలస వచ్చినవాడు, తలుపుకి సరిపడే మనిషి. మేమంతా ఒక అడుగు వెనక్కి వేశాం. పూర్తిగా వ్యూహాత్మకంగానే. చివరికి పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. మ్యాచ్ ఆడదాం, గెలిచినవాళ్ళకే ఆదివారం. అంపైరుగా టోపీ ఆయన్నే ఒప్పుకున్నాం. వాళ్ళవాడే కదా అని మావాళ్ళు గొణిగారు గానీ, ఆయనంటే వాళ్ళ జట్టులో ఒక్కడికీ పడదని ఐదు నిమిషాల్లో అర్థమైంది. ఇంతకన్నా తటస్థుడు ఎక్కడ దొరుకుతాడు?

మొదట వాళ్ళ బ్యాటింగు. ఫైటరు దిగాడు. ఆయన వృత్తి ఏంటంటే, గుద్దు దవడకి బెత్తెడు దూరంలోంచి పోవాలి, చూసేవాడికి మాత్రం దవడ పగిలిపోవాలి. బ్యాటింగూ అదే పద్ధతి. నడుం తిప్పి, గాలి కోసుకుపోయేలా బ్యాటు ఊపాడు. బంతికి బెత్తెడు దూరం. అలవాటు ఊరుకుంటుందా, నాలుకతో "టక్" అని చప్పుడు కూడా చేశాడు. బంతి వెళ్ళి కీపర్ చేతిలో పడింది. మేమంతా అరిచాం. అంపైరు వేలెత్తాడు.

"తగల్లేదు సార్!"

"సౌండ్ వచ్చిందిగా."

"అది నేను నోటితో చేశా సార్!"

"చాలా బాగా వచ్చింది. వెళ్ళు."

ఆయన పోయాక లైట్‌మెన్లు వచ్చారు. రోజంతా భుజాల మీద లైట్లు మోసేవాళ్ళకి బ్యాటు అగరొత్తితో సమానం. మా ఫీల్డర్లు షేక్‌పేట దాకా నాలుగైదుసార్లు వెళ్ళొచ్చారు.

మా వంతు వచ్చింది. వాళ్ళ ఫీల్డింగు మాకు కొంత సాయం చేసిందనే చెప్పాలి. ఫైటర్లలో ఒక్కడూ నిలబడి క్యాచ్ పట్టడు. ముందు రెండు పల్టీలు కొట్టాలి. పల్టీలయ్యేసరికి బంతి నేలమీద ఉండేది. అలా పడుతూ లేస్తూ చివరి బంతిదాకా వచ్చాం. నాలుగు పరుగులు కావాలి. ఎదుర్కునేది అన్న. అవతలి కొసన నేను. అప్పటిదాకా నేనెలా అవుటు కాలేదంటే, అన్న నాకు బంతి ఆడే అవకాశం రాకుండా కంటికి రెప్పలా కాచుకున్నాడు.

అన్న వంగి, చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు.

"అన్నా, కుక్క తిరిగే చోటది" అన్నాను.

వినిపించుకోలేదు.

బంతి పడింది. పొట్టిది, బయటికి పోతోంది. టీవీలో చూసినట్టే. నాకు ఒళ్ళు తెలియలేదు. "అన్నా, కట్! కట్!" అని అరిచాను. అన్న కోశాడు. బంతి బండ వైపు దూసుకుపోయింది. దారిలో ఒక లైట్‌మన్ ఉన్నాడు. ఉన్నాడంటే, శరీరం అక్కడే ఉంది. నా కేక చెవిన పడగానే ఆయన తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంటూ "టీ వచ్చిందా?" అని వెనక్కి తిరిగాడు. ఇంకొకడు బీడీ వెలిగించాడు. కీపరు చతికిలబడ్డాడు. బంతి ఎవరి పనీ చెడగొట్టకుండా మధ్యలోంచి వెళ్ళి బండకి కొట్టుకుంది.

మావాళ్ళు అన్నని భుజాలకెత్తారు. వాళ్ళవాళ్ళు తలలు పట్టుకున్నారు. అంపైరు మాత్రం నా దగ్గరికొచ్చాడు.

"కట్ అన్నదెవరు?"

"నేనేనండీ."

"అనడానికి నువ్వెవరు?"

"అది షాట్ పేరండీ."

"షాట్ పూర్తయ్యాక అనాలి కట్. మధ్యలో అంటే ఆ షాట్ చెల్లదు." మైదానం వైపు తిరిగి చెయ్యెత్తాడు. "వన్ మోర్!"

అన్న భుజాల మీంచే అరిచాడు. "వన్ మోర్ ఏంది సార్? ఫోర్!"

"వన్ మోర్."

"ఫోర్!"

ఈ లెక్కల పాఠం కొంతసేపు నడిచింది. ఫైటరు మళ్ళీ చేతులు మడవడంతో ముగిసింది. అన్న కిందికి దిగాడు. "ఎయ్యనియ్‌రా. ఇంకోపారి గొడ్త. నువ్వు మాత్రం నోరు మూస్కో."

మూసుకున్నాను. రెండు చేతులతో. అదే బంతి, అదే కోత. ఈసారి లైట్‌మన్ ఒంట్లో ప్రాణం కూడా ఉంది. కాలు అడ్డం పెట్టి ఆపేశాడు. మాకు వచ్చింది ఒక్క పరుగు. నా అభిప్రాయంలో మొదటి టేకే బాగుంది.

అన్న పిచ్ మీదే కూర్చుండిపోయాడు. "వారంల ఒక్కపూట..." అన్నాడు, ఎవరితోనూ కాదు. నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది. దాన్ని మింగేసి, పక్కన కూర్చున్నాను.

ఫైటరు వచ్చి మా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఏం తమ్ముడూ, ఇంత దిగులు? నెలకి ఒక్కరోజేగా మేం అడిగింది."

అన్న తలెత్తాడు. "ఒక్కరోజేంది?"

"మా సినిమావాళ్ళకి సెలవు రెండో ఆదివారమే. మిగతా ఆదివారాలు షూటింగే. ఇవాళ రెండోదేగా?"

"మరి గంత లొల్లి ఎందుకు జేసిన్రు?"

"ఈ ఆదివారం మాది అనే కదయ్యా చెప్పాను, మొదట్లోనే" అన్నాడు టోపీ ఆయన. "మీరే వినలేదు."

అన్న నా వైపు చూశాడు. నేను బండ వైపు చూశాను. అన్న లేచి, వెనక అంటిన మట్టి దులుపుకున్నాడు. క్షణం క్రితం సర్వస్వం పోగొట్టుకున్న మనిషి మైదానమంతా కలయజూసి, వేళ్ళమీద ఏదో లెక్కపెట్టి అన్నాడు:

"సార్, మీ టీముల ఒకడు తక్కువున్నట్టున్నడు?"

నిజమే, ఒకడు తక్కువే. అలా ఓడిపోయిన మా కెప్టెన్‌కి రెండో ఆదివారం కూడా దక్కింది, అవతలి జట్టులో. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, అదీ నా గురించి. కట్ అనే మాట ఇంకెప్పుడూ గ్రౌండులో వినపడకూడదు.

ఒప్పుకున్నాం. ఆ షాట్‌కి అచ్చ తెలుగులో పేరు పెట్టాం. మరుసటి ఆదివారం పొట్టి బంతి పడగానే గొంతు చించుకుని, "అన్నా, కోసెయ్యన్నా! కోసెయ్!" అని అరిచాను.

హీరోగారి వాచ్‌మన్ కుక్కని లోపలికి లాక్కుని గేటు వేసుకున్నాడు.