గడప తొక్కనివ్వని మాట

పాస్టరుగారి గొంతు గురించి ఆ వీధిలో రెండో మాట లేదు. మైకు పనిచేయని రోజున కూడా వెనక బెంచీలో కునికేవాళ్లు ఉలిక్కిపడి లేచేవారు. కొత్తలో ఆయన చదివేవారు కూడా. తెల్లవారకముందే బల్ల ముందు కూర్చుని, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంటూ, అర్థం కానిచోట మళ్లీ మొదటికొచ్చేవారు. గొంతుకు పేరొచ్చాక పెన్సిలు మూలపడింది. పెళ్లిళ్లు, ప్రార్థన కూడికలు, పరామర్శలు ఎక్కువై చదువు శనివారం సాయంత్రానికి జరిగింది. ఆ తర్వాత ఆదివారం పొద్దున స్కూటరు మీద ఆలోచించుకోవడం దాకా వచ్చింది.

"మీ బైబిలు జిప్పు బిగుసుకుపోయింది, కాస్త నూనె వెయ్యనా?" అని భార్య ఎత్తిపొడిస్తే నవ్వి ఊరుకునేవారు.

సంఘం మాత్రం తక్కువ తిందా? అయ్యగారు చెప్పారంటే చాలు, ఒక్కరూ పేజీ తిప్పి చూసేవారు కాదు. ఆమెన్ అనడానికి చదువెందుకు?

టైలరమ్మ భర్త పోయినప్పుడు సమాధి దగ్గర ప్రసంగం ఆయనదే. తండ్రితో గొడవపడి వెళ్లిపోయిన ఒక్కగానొక్క కొడుకు కడచూపుకైనా రాలేదు. అది చూసి పాస్టరుగారికి ఒళ్లు మండింది. "తండ్రిని ఏడిపించినవాణ్ని గడప తొక్కనివ్వొద్దని వాక్యం చెబుతోంది!" అని గర్జించారు. జనం ఆమెన్ అన్నారు. ఆయన ఇంటికొచ్చి, భోంచేసి, ఆ మాట మరిచిపోయారు.

టైలరమ్మ మరిచిపోలేదు. తర్వాత కొడుకు వచ్చి గుమ్మం ముందు నిలబడి ఏడ్చినా, లోపల్నుంచి ఆ వాక్యమే చెప్పింది తప్ప తలుపు తీయలేదు. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఇప్పుడామె మంచం పట్టింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. పాస్టరుగారిని పిలిపించి, "మావాడు మళ్లీ కబురు పెట్టాడండీ. నాకూ చూడాలనే ఉంది, మనసు ఆగట్లేదు. మా ఆయన సమాధి దగ్గర చెప్పారే, ఆ వాక్యం ఒక్కసారి చదివి వినిపించండి. గట్టిపడతాను," అంది.

ఆయన జిప్పు లాగి పేజీలు తిప్పారు. ఇంకా తిప్పారు. "రేపు చూసుకుని వస్తానమ్మా," అని లేచారు.

ఇంట్లో పుస్తకమంతా గాలించారు. ఫోన్లోనూ వెతికారు. ఎక్కడా లేదు. చివరికి గుర్తొచ్చింది. అది బాబాయి మీద కోపమొచ్చినప్పుడల్లా ఆయన నాయనమ్మ తిట్టే తిట్టు! ఆయనకు తల కొట్టేసినట్టయింది. కంచే చేను మేసిందంటే ఇదే. ఇంకేదైనా కఠినమైన మాట చదివేస్తే ఆవిడకేం తెలుస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది. అది వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు వెళ్లి మంచం పక్కన నిలబడ్డారు. కూర్చోబుద్ధి కాలేదు.

"అమ్మా, అది బైబిల్లో లేదు. కోపంలో నా నోటికొచ్చిన మాట. చూసుకోకుండా దేవుడి మాట అని చెప్పాను. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు."

ఆమె చెయ్యి చాపి దిండు పక్కన తడిమింది. "నాకూ చదువొచ్చు కదయ్యా. దిండు పక్కనే ఉంది పుస్తకం. ఒక్కసారి తెరిచి చూసుకున్నానా?" అని కళ్లు తుడుచుకుంది. "పోనీండి. వాణ్ని మీరే వెళ్లి తీసుకురండి."

కొడుకు బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చాడు. గుమ్మంలో పాస్టరుగారిని చూసి మొహం పాలిపోయింది. "వందనాలయ్యగారూ. అమ్మకేమైనా...?"

"లేదు బాబూ. నిన్ను రమ్మంటోంది," అని పాస్టరుగారు దాచుకోకుండా అంతా చెప్పారు. కొడతాడనుకున్నారు. కొట్టినా బాగుండుననుకున్నారు.

అతను కొట్టలేదు. కాళ్లకు చెప్పులు తొడుక్కుంటూ మెల్లగా అన్నాడు.

"నేనూ వెతికానండీ. ఆ మాట కింద, ఏడ్చి బతిమాలుకుంటే రానివ్వమని ఇంకో మాటేదైనా ఉంటుందేమోనని పుస్తకమంతా చదివాను. అసలా మాటే కనపడలేదు. మీరు తప్పు చెప్పరు కదా అయ్యగారూ, నాకే వెతకడం చేతకాలేదనుకున్నాను."