వంటింట్లో బీరూట్ ఆఫీసు

సుండుపల్లె పెద్దక్క మాట్లాడే అరబ్బీ విని నవ్వుకోని పనిమనిషి కువైట్‌లోని ఖాదిసియా వీధుల్లో లేదు. మిగతావాళ్ళంతా వచ్చిన ఏడాదికల్లా ముద్దుముద్దుగా నాలుగు ముక్కలు నేర్చుకుని, వాటితోనే యజమానురాళ్ళయిన మామాలను బుజ్జగించి పనులు సాధించుకుంటారు. పెద్దక్కకు ఆ బుజ్జగింపులు రావు. బకాలా అనే కిరాణా కొట్టుకు పోతే గుమ్మంలోనే నిలబడి, "పాలు. రెండు. ఈరోజువి" అంటుంది. చేతిలో పడగానే "అందింది" అని వెనక్కి తిరుగుతుంది. ఆ కేరళ కొట్టువాడు కొత్తలో ఈమెకు తనమీద ఏదో కోపం ఉందనుకుని భయపడ్డాడట.

పక్కింట్లో పనిచేసే రాజోలు రూతమ్మయితే మొహంమీదే అనేసింది. "అదేం అరబ్బీ అక్కా, తంతి ఇచ్చినట్టు? మాటకింతని లెక్కగడతన్నారేంటి నీకు?"

"మా బాబా కాడ నేర్చుకున్యా. ఆయప్ప అట్లనే మాట్లాడ్తాడు, నేనూ అట్లనే. నీకేం నొప్పి మ్మే?" అంది పెద్దక్క.

పెద్దక్క చెప్పింది నిజమే కానీ అంతా చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె వంటమనిషి ఒక్కటే కాదు, ఒక కార్ల కంపెనీకి ప్రాంతీయ కార్యాలయం కూడా. ఆ కార్యాలయం ఎప్పుడో మూతపడింది. దాని ఆదేశాలు మాత్రం రోజూ వంటింట్లోంచి బయల్దేరుతూనే ఉన్నాయి.

పెద్దక్క వచ్చేనాటికే ఇంటి పెద్దాయన బాబాకు మతిమరుపు బాగా ముదిరింది. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. కూతురు నూరియాను చూసి చెల్లెలనుకునేవాడు. మనవరాలు లుల్వాను ఎవరి పిల్లవమ్మా అని అడిగేవాడు. గుండెకు వేసుకోవాల్సిన మాత్ర చేతిలో పెడితే కిటికీలోంచి విసిరేసేవాడు. ఇద్దరు నర్సులు వారం తిరక్కుండా చేతులెత్తేశారు. పొద్దస్తమానం ఆయన చేసేది ఒకటే పని. మంచం పక్కనున్న ఇంటర్‌కామ్ ఫోను ఎత్తి, "బీరూట్, బీరూట్" అని పిలవడం. ఇంట్లోవాళ్ళెవరైనా పలికి "నాన్నా, నేనే" అంటే విసుక్కుని పెట్టేసేవాడు.

పెద్దక్క చేరిన నాలుగో రోజో ఐదో రోజో, ఉల్లిగడ్డలు తరుగుతుంటే వంటింట్లో ఆ ఫోను మోగింది. చేతులు నైటీకి తుడుచుకుని ఎత్తింది.

"బీరూట్?" అన్నాడు బాబా.

అది మనిషి పేరో కూర పేరో ఆమెకు తెలియదు. ఎందుకొచ్చిన గొడవలే అని, అవునన్నట్టు "అయ్‌వా" అంది.

"డీలర్ కువైట్. ఆదేశం?"

అప్పటికి పెద్దక్కకు వచ్చిన అరబ్బీ అంతా కలిపినా గుప్పెడు ఉండదు. మధ్యాహ్నానికి ఏం చేయాలో అడుగుతున్నాడనుకుని, ఉన్న మాటలను వరసగా పేర్చేసింది. "అన్నం తిను. మాత్ర మింగు. పడుకో."

 అవతలినుంచి ఎంతో నెమ్మదిగా, "అందింది. అమలు చేస్తున్నాం" అన్నాడు బాబా.

ఆ పూట ఆయన అన్నం తిన్నాడు, మాత్ర మింగాడు, పడుకున్నాడు. మామా నూరియా ఖాళీ పళ్ళెం చూసి, పరుగున వంటింట్లోకి వచ్చి పెద్దక్కను కావిలించుకుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా పెద్దక్క కూడా ఏడ్చింది. అలాంటి విషయాల్లో ఆమె ఎవరినీ ఒంటరిగా వదిలిపెట్టే రకం కాదు.

సాయంత్రం మామా కూర్చోబెట్టి చేతులు తిప్పుతూ చెప్పుకొచ్చింది. బాబా కుర్రతనంలో ఊళ్ళో ఒక అమెరికా కార్ల కొట్టు నడిపాడు. ఆ కంపెనీ పెత్తనమంతా బీరూట్‌లో ఉన్న ప్రాంతీయ కార్యాలయానిది. విమానం వచ్చిన రోజు అక్కణ్ణించి లావుపాటి కవరు వచ్చేది. ఏ బండికి ఏ నూనె పోయాలో, ఏ బోల్టు ఎంత బిగించాలో, అన్నీ అందులోనే. ప్రతి కాగితానికీ ఒక వరస సంఖ్య ఉండేది. మధ్యలో ఒక సంఖ్య తప్పితే అది తెప్పించుకునేదాకా బాబాకు నిద్ర పట్టేది కాదట. అప్పుడప్పుడు బొమ్మల రీలు ఒకటి, దానికి తోడు గ్రామఫోను ప్లేటు ఒకటి వచ్చేవి. మెకానిక్కులందరూ చీకట్లో నేలమీద కూర్చుని గేరుబాక్సు విప్పడం చూసేవాళ్ళు. చూడటం అవగానే ఆ రీలును మూటగట్టి బహ్రెయిన్ డీలరుకు పంపాలి.

తొందర పనులకు మాత్రం టెలిగ్రామే. మాటకింతని ఖర్చు కాబట్టి దయచేసి అని ఉండదు, కృతజ్ఞతలు అని ఉండదు. బీరూట్ ఆదేశిస్తుంది, డీలరు ఆ రోజే అందిందని చెప్పాలి, అంతే. ఇల్లు, పిల్లలు, చివరికి భార్య పేరు కూడా చెదిరిపోయిన ఆ బుర్రలో ఈ పద్ధతి ఒక్కటి చెక్కుచెదరలేదు. ఇంట్లో అందరూ ప్రేమగా, పొడుగ్గా మాట్లాడుతున్నారు. అచ్చం టెలిగ్రాంలాగా మాట్లాడింది పెద్దక్క ఒక్కతే.

ఆ రోజునుంచీ ఉద్యోగం ఖాయమైంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, మూడు సందేశాలు. వరస సంఖ్య తప్పకూడదు. బతిమాలకూడదు. బాబా ఏదైనా సామాను అడిగితే "ఓడలో ఉంది" అనాలి. దానికి ఎప్పుడూ ఎదురు ప్రశ్న లేదు. స్నానానికి మొరాయించిన రోజున పెద్దక్క ఫోనెత్తి, "ఇన్‌స్పెక్టరు బయల్దేరాడు. స్నానం. గడ్డం. ఉతికిన దిష్‌దాషా" అనేది. డాక్టరు వచ్చేసరికి బాబా ఆ తెల్లటి పొడుగు అంగీలో పెళ్ళికొడుకులా తయారై కూర్చుని, నోరు తెరవమంటే తెరిచి, ఊపిరి పీల్చమంటే పీల్చి, కొట్టు లెక్కలన్నీ బాగున్నాయని కూడా ఆయనకు హామీ ఇచ్చేవాడు.

తమాషా ఏమిటంటే పళ్ళెం తెచ్చిపెట్టేదీ పెద్దక్కే. అప్పుడు బాబా ఆమెను ఎవరో పనమ్మాయి అనుకుని, "బీరూట్‌లో ఈమధ్య మంచివాణ్ణి పెట్టారు. తక్కువ మాట్లాడతాడు" అని మెచ్చుకునేవాడు. పెద్దక్క లోపలికి పోయి కొంగు లేని నైటీలో నోరు మూసుకోవడానికి గుడ్డ వెతుక్కుని మరీ నవ్వుకునేది. ఆ మెప్పు ఆమెకు నచ్చేది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పనిని అంత తూకంగా మెచ్చుకున్నవాళ్ళు వేరే లేరు.

ఇంతలో రాజంపేట నుంచి కబురొచ్చింది. కూతురు చంద్రికకు ఏడో నెల దాటింది. రెండుసార్లు పోయి మూడోసారికి నిలిచిన కడుపు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. "నువ్వు పక్కనుంటే నాకు దయిర్నంగా ఉంటాదిమ్మా" అంది చంద్రిక. ఆ పిల్ల ఏదీ నోరు తెరిచి అడిగే రకం కాదు. అడిగిందంటే ఎంత భయపడుతోందో పెద్దక్కకు అర్థమైంది. మామా వెంటనే సెలవిచ్చింది, టికెట్టు కొంది. ఇక మిగిలింది బీరూట్ ఆఫీసుకు మనిషిని పెట్టడం.

యూనివర్సిటీలో చదువుతున్న లుల్వా తనే ముందుకొచ్చింది. మొదటి మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఫోనెత్తింది.

"తాతా, నా ప్రాణమా, ఒక్క ముద్ద తినవా?"

"ఎవరు?"

"బీరూట్."

"బీరూట్ బతిమాలదు" అని పెట్టేశాడు బాబా.

పెద్దక్క నేర్పించింది. "మాటలు తీసెయ్. అన్నం. మాత్ర. ఖలాస్" అంది. లుల్వా రెండు మాటలు గట్టిగానే అనేది. మూడో మాటకు గొంతులో తాతమీది ముద్దంతా పొంగుకొచ్చేది. మామా నూరియా ప్రయత్నిస్తే ఇంకా ఘోరం, ఆమె ఫోనెత్తగానే ఏడ్చేసింది. ఎలాగైనా అలవాటు కావాలని పెద్దక్క పళ్ళు బిగబట్టి ఆ ఫోను ముట్టుకోలేదు. మూడు రోజులు బాబా మాత్ర మింగలేదు. కాళ్ళు వాచాయి. డాక్టరు వచ్చి అందరినీ నిలబెట్టి చివాట్లు పెట్టాడు.

"నువ్వు వెళ్ళు. అక్కడ నీ కూతురుంది" అంది మామా, నేలను చూస్తూ.

పెద్దక్క ఆ పూటకు తనే ఫోనెత్తి బాబా చేత మాత్ర మింగించింది. తర్వాత చంద్రికకు ఫోన్ చేసింది. "మ్మే, ఇంగ కొన్నాళ్ళు ఎనక పడేట్టుండాది" అంది.

"సరేలేమ్మా. ముసిలాయన్ను ఇడిసిపెట్టి నువ్వు మాత్రం యాడ వస్తావులే."

కోప్పడినా బాగుండేది. ఆ సరే అన్న మాటకు పెద్దక్క గుండె తరుక్కుపోయింది. మేడమీద ఆరేసిన దుప్పట్ల మధ్య కూలబడి, పక్క మేడమీద బట్టలు తీస్తున్న రూతమ్మకు మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పుకుంది. రెండు మేడల మధ్య నడుమెత్తు గోడే అడ్డం. రూతమ్మ నవ్వుతుందనుకుంది. రూతమ్మ నవ్వలేదు.

"నాకు తెలవకడుగుతాను అక్కా. ఆ బీరూటు మీ వంటింట్లో ఉండేదా?"

"యాడో సముద్రం కాడుండేదంట."

"దూరంగానే గదా? మరి నువ్వు దూరాన్నుంచి మాటాడితే ఏంటంట? ఫోన్లు లేవేంటి రాజంపేటలో?"

 మూడేళ్ళుగా బీరూట్ అంటే పొయ్యి పక్కన గోడకున్న ఆ తెల్ల ఫోనే అని పెద్దక్క మనసులో ముద్ర పడిపోయింది. తను కదిలితే ఆఫీసు కదలదనుకుంది. కడప జిల్లా మనిషి బీరూట్‌ను ఖాదిసియా వంటింటికి మేకు కొట్టి తగిలించి, ఇప్పుడు ఊడదీయడం ఎట్లా అని ఏడుస్తూ కూర్చుంది.

వారం తర్వాత రాజంపేటలో కూతురి మంచం పక్కన కూర్చుని మొదటి సందేశం ఇచ్చింది. అక్కడ లుల్వా తన మొబైలును ఇంటర్‌కామ్ ఫోనుకు ఆనించి పట్టుకుంది, నోరు మాత్రం విప్పలేదు. లైను గరగరమంది. బయట వీధిలో అరటిపండ్ల బండివాడి కేక అందులో కలిసింది.

"గోల. ఏమిటది?" అన్నాడు బాబా.

"బజారు."

"అందింది. అమలు చేస్తున్నాం."

చంద్రిక మంచంమీద పడుకుని తల్లి ఉద్యోగం వింటూ, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వొద్దు మ్మే, కదలొద్దన్నారు గదా అని పెద్దక్క కసిరింది. అలా నెలన్నర సాగింది. ఇటు కూతురికి గంజి, అటు బాబాకు మాత్ర. రెండు పక్కలా గట్టిగా కసరడం, లోపల ఇద్దరికీ దండం పెట్టుకోవడం.

ఆ మధ్యాహ్నం చంద్రికను పురిటి గదిలోకి తీసుకుపోయారు. ఆసుపత్రి వరండాలో పెద్దక్క అటూ ఇటూ తిరుగుతోంది. మధ్యాహ్నం సందేశం సంగతి ఆమెకు గుర్తే లేదు. లోపలి నుంచి ఏ అలికిడీ లేదు. వెనకటి రెండుసార్లూ ఇలాంటి నిశ్శబ్దమే చూసింది. అల్లుడు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. మొబైలు మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. అవతల లుల్వా గొంతు తగ్గించి, "వేళ దాటిపోయింది ఖాలా, తాత పళ్ళెం ముట్టలేదు, ఫోను చెవికి పెట్టుకునే కూర్చున్నాడు" అంది.

పెద్దక్క గొంతు సవరించుకునేలోపు బాబా అందుకున్నాడు.

"బీరూట్. ఆలస్యం. కారణం?"

సరిగ్గా అప్పుడే తలుపు వెనక పసిబిడ్డ కేరుమంది. బక్కగా మొదలై గట్టిగా సాగింది ఆ ఏడుపు. అల్లుడు గోడకు జారి కింద కూర్చున్నాడు. నర్సు తల బయటపెట్టి నవ్వింది. పెద్దక్కకు సందేశం సంఖ్య, ఆఫీసు, పద్ధతి అన్నీ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది చెప్పేసింది.

"నా కూతురు. ఆడబిడ్డ. ఇప్పుడే."

అన్నాక నాలుక కరుచుకుంది. బీరూట్‌కు కూతురేమిటి, బిడ్డేమిటి. ఇంక ఈ గొంతును ఆయన నమ్మడు, మాత్ర కిటికీలోంచి పోతుంది అనుకుంది. 

"తల్లి?" అన్నాడు బాబా.

"బాగుంది."

"బాగుందా?" అన్నాడు మళ్ళీ. అందిన మాటను ఆయన రెండోసారి అడగడం మూడేళ్ళలో ఎప్పుడూ లేదు.

"బాగుంది బాబా. ఇద్దరూ బాగుండారు" అంది పెద్దక్క. సగం అరబ్బీ, సగం తెలుగు. 

గ్లాసు చప్పుడు వినపడింది. నీళ్ళు గుటకవేసిన చప్పుడు కూడా. తర్వాత బాబా, మాటకింతని ఎవరూ లెక్కకట్టడం లేదన్నట్టు తీరిగ్గా, ముద్దగా మాట్లాడాడు.

"మాత్ర మింగాను. అన్నం ఇప్పుడు తింటాను. నలభై రోజులు ఆ అమ్మాయిని మంచం దిగనివ్వకు, పిల్లను గాలికి ఉంచకు. మాకేమీ తొందర లేదు, మేం ఆగుతాం. ఇంక ఫోను పెట్టేసి నీ కూతురి దగ్గరికి పో అమ్మా."

ఆయనే ముందు పెట్టేశాడు. పెద్దక్క కళ్ళు తుడుచుకోకుండానే లోపలికి వెళ్ళింది.